పీల్ నది రేవులో

కెనడా ఉత్తరాన ఈగిల్ ప్లెయిన్స్‌లో పెట్రోలు ధర చూసి కలిగిన చిరాకు పీల్ నది రేవు చేరేదాకా నన్ను వదల్లేదు. డాసన్ దగ్గర మొదలై ఇనువిక్ వైపు సాగే డెంప్‌స్టర్ రహదారిపై మరో పెట్రోలు బంకు కోసం ఎదురుచూసే వీలుండదు. తీరా రేవుకు చేరితే, ఎగువ వానలకు దుంగలు కొట్టుకొస్తున్నాయని వాహనాలను నది దాటించే ఫెర్రీ ఆపేశారు.

ఒడ్డున గ్విచిన్ ఆదివాసీ జాతికి చెందిన ఒక పెద్దావిడ వైట్‌ఫిష్ కోస్తున్నారు. తోక దగ్గర విడిపోకుండా చేపను రెండుగా చీల్చి, వెన్నుముల్లు తీసి, కండ మీద అడ్డంగా గాట్లు పెట్టి, కర్రపై వేలాడదీసి కింద పొగ పెడుతున్నారు. ఆవిడ ఒక ముక్క చేతిలో పెట్టారు. మన తీరంలోని ఎండుచేపలా ఉప్పగా లేదు, పొగ వాసనతో కమ్మగా ఉంది. ఎగువన పీల్ పరీవాహకంలోని విండ్, స్నేక్, బానెట్ ప్లూమ్ నదుల దగ్గర గనులు తవ్వితే ఆ మురికి చేరేది తమ వలల్లోకేనని ఆవిడ అన్నారు.

ఆవిడ భయం వెనుక ఒక పోరాటం ఉంది. కెనడాలోని యూకాన్ ప్రాంతంలో సుమారు 67 వేల చదరపు కిలోమీటర్ల పీల్ పరీవాహకంలో 80 శాతాన్ని కాపాడాలని 2011లో భూవినియోగ ప్రణాళికా సంఘం సిఫారసు చేస్తే, 2014లో యూకాన్ ప్రభుత్వం దానిని పక్కన పెట్టి 29 శాతంతో సరిపెట్టింది. మూడు ఆదివాసీ జాతులు, రెండు పర్యావరణ సంస్థలు కోర్టుకెక్కాయి. వారి తరఫున న్యాయవాది థామస్ బర్గర్ వాదించారు. సంప్రదింపుల్లో లేవనెత్తని మార్పులను చివరి దశలో రుద్దే అధికారం ప్రభుత్వానికి లేదని 2017 డిసెంబరు 1న కెనడా సుప్రీంకోర్టు తేల్చింది. 2019 ప్రణాళికలో 83 శాతానికి రక్షణ దక్కింది. అందులో 55 శాతం శాశ్వతం, 28 శాతం తాత్కాలికం.

ఆ తాత్కాలికమన్న మాటే నన్ను కలవరపెట్టింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని భూములను ప్రైవేటు గనులకు లీజుకివ్వరాదని 1997లో మన సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు వచ్చాక కూడా మన విశాఖ మన్యంలో బాక్సైటు ప్రయత్నాలు ఆగలేదని, గిరిజనులు ఏళ్ల తరబడి అడ్డు నిలవబట్టే ఆ కొండలు మిగిలాయని ఆవిడకు చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. ఆ 28 శాతం సమీక్షకు వచ్చేనాటికి తానున్నా లేకున్నా ఊరి మనుషులు వెళ్లి అక్కడ కూర్చోవాలని, అందుకే పిల్లలను ఇప్పటినుంచే సమావేశాలకు వెంటబెట్టుకు వెళ్తున్నామని బదులిచ్చారు.