ఉప్పుగాలి తిన్న సబ్‌ఫ్రేమ్

విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఇంటి షెడ్డులో నాన్నగారి పాత బ్రిటిష్ కారు ‘మినీ’ని విప్పి, వెనుక సబ్‌ఫ్రేమ్‌ను స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే, ఎడమ వైపు రేకు తడిసిన అట్టలా లోపలికి దిగిపోయింది. 1959లో తొలిసారి మార్కెట్లోకి వచ్చిన ఈ కారుకు విడిగా ఛాసిస్ ఉండదు. ముందు ఇంజన్‌నూ, వెనుక సస్పెన్షన్‌నూ మోసే రెండు సబ్‌ఫ్రేములు బాడీకి బిగించి ఉంటాయి. వెనుకది బోలుగా ఉండడంతో చక్రాలు చిమ్మిన నీరు, బురద అందులో నిలుస్తాయి. మా ఊరి సముద్రపు గాలి దానికి తోడైంది.

వెల్డింగ్ కంటే ముందు కొలతలే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే సబ్‌ఫ్రేమ్‌ను దించి, బోల్టు రంధ్రాల మధ్య రెండు కర్ణాలూ కొలిచి, అవి సమానంగా ఉన్నాయని తేల్చుకున్నాకే దాన్ని కదలకుండా ఇనుప చట్రానికి బిగించి, తుప్పు భాగాన్ని మెరిసే లోహం కనిపించేదాకా కోసి, 2 మిల్లీమీటర్ల ఉక్కు రేకుతో అదే ఆకారంలో అతుకు తయారు చేశాను. ఆటోనగర్ నుంచి వచ్చిన వెల్డర్ అన్న, వేడికి రేకు వంకరపోకుండా ఇటు కొంచెం, అటు కొంచెం అతుకుతూ, మధ్యమధ్య చల్లారనిస్తూ, "తొందరపడితే మెలి తిరిగిపోద్ది సార్" అంటూ సాయంత్రం దాకా ఓపికగా పనిచేశారు. వెనుక చక్రాన్ని పట్టి ఉంచే రేడియస్ ఆర్మ్ బిగించే చోటు గట్టిగానే ఉంది. అక్కడ తుప్పు ఉండి ఉంటే కొత్త సబ్‌ఫ్రేమే తెప్పించేవాణ్ణి.

మళ్ళీ కొలిచి, ప్రైమర్ పూసి, బోలులోకి మైనం స్ప్రే చేశాం. సబ్‌ఫ్రేమ్‌కూ బాడీకీ మధ్య బిగించే రబ్బరు బుష్‌లు ఇంకా రావాలి.