అమ్మకి నచ్చని రిపేరు

"ముందరే బాగుండీదిరా."

సాయంత్రం అమ్మ అన్న ముక్క ఇది. ఇప్పుడు పదకొండు దాటింది, ఇంట్లో అందరూ పడుకున్నారు, నా బుర్రలో మాత్రం అదే తిరుగుతోంది. గోళ్ల సందుల్లో గ్రీజు ఇంకా వదల్లేదు. సబ్బు పొడి అయింది, కొబ్బరినూనె అయింది, మా ఆవిడ తిట్లూ అయ్యాయి.

మా కారుకి వెనక షాకబ్జర్లు, గతుకుల్లో బండి ఊపుని ఆపేవి, మార్చేశాను. రెండూ. ఇంటి ముందు వేపచెట్టు కింద, నా చేత్తోనే. మా విజయనగరంలో సిరిమాను పండగ అయ్యాక చేస్తా అన్నాను, తర్వాత సంక్రాంతి అయ్యాక అన్నాను. ఎడమవైపు దాని ఒంటి మీద నూనె కారి, ఆ నూనెకి దుమ్ము అంటుకుని నల్లగా అట్టకట్టేసింది. డిక్కీ మీద రెండు చేతులూ వేసి బలంగా నొక్కి వదిలితే బండి పైకి లేచి అక్కడితో ఆగాలి. మాది ఆగేది కాదు, ఊగుతూనే ఉండేది. వెనక టైర్లని అరచేత్తో నిమిరితే ఎత్తుపల్లాలు తగిలేవి. అంటే టైరు రోడ్డుని ఒకేలా పట్టుకోవడం లేదు, ఎగిరి ఎగిరి పడుతూ అరుగుతోంది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

పక్కింటి మాస్టారికి కావాలి. ఆయన కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నారు.

"ఏటి బావూ, కారింది ఎడమదే కదా, రెండోది ఏల మార్చడం?"

"ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే బండి రెండు పక్కలా ఒకేలా లొంగదు మాస్టారూ. మలుపులోనూ, బ్రేకు కొట్టినప్పుడూ తేడా తెలిసిపోతుంది."

"మా చేతక్ స్కూటర్‌కి వెనక ఒక్కటే మార్చాం. ఏమీ అవలేదు."

చేతక్‌కి వెనక ఉండేదే ఒకటి! ఈ మాట పైకి అనలేదు. మా నాన్నకి స్నేహితుడు, పెద్దాయన, పైగా నాకు లెక్కలు చెప్పినవాడు. కానీ ఆయన అక్కడితో ఊరుకోలేదు. బండికింద ఇనప స్టాండ్లు పెడుతుంటే, అవెందుకు, నాలుగు ఇటుకలు పేర్చితే సరిపోయేదిగా అన్నారు. ఇటుక బరువుకి ఎప్పుడు పగులుతుందో ఇటుకకే తెలీదు. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కింద గానీ, ఇటుకల మీద నిలబెట్టిన బండి కింద గానీ నేను తల పెట్టను. మా వాణ్ణి పెట్టనివ్వను. ఈ ఒక్క విషయంలో నాతో ఎవరు వాదించినా నాకు మర్యాద గుర్తుండదు.

కింది బోల్టులు తుప్పుకి కరుచుకుపోయాయి. ముందురోజు రాత్రే డీజిల్ పోసి ఉంచాను. పానాకి ఇనప గొట్టం తొడిగి, దాని మీద నా బరువంతా వేస్తే "టక్" అంది. బోల్టు విరిగిందేమో అని గుండె జారింది. విరగలేదు, వదిలింది. అది ఎంత కమ్మని చప్పుడో చేసినవాళ్లకే తెలుస్తుంది. తీసేముందు బోల్టు తల చుట్టూ తెల్ల రంగు గుర్తు పెట్టుకున్నాను, బిగించేటప్పుడు చక్రం వాలు మారకుండా.

పై నట్ల కోసం డిక్కీ పక్క కవర్ ఊడదీస్తే దాని వెనక అంతా బియ్యం గింజలు. ఏటా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చే బస్తాల్లోంచి జారినవి, కొన్ని పురుగు పట్టి పొడి అయిపోయాయి. షాకబ్జర్లు ఎందుకు పోయాయో అక్కడే తెలిసిపోయింది. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో బస్తాలు, కింద గతుకుల చీపురుపల్లి రోడ్డు. పాపం అవి మాత్రం ఎన్నాళ్లు మోస్తాయి?

మా బండికి స్ప్రింగూ షాకబ్జరూ ఒకే ముక్కగా వస్తాయి, స్ట్రట్ అంటారు. ఎర్ల్ మాక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజినీరు జనరల్ మోటార్స్‌లో ఉండగా 1947లో ఇలాంటిదానికి పేటెంటు పెట్టి, తర్వాత ఫోర్డ్‌కి వెళ్లిపోయాడని మా వాడు ఫోన్లో చూసి చదివాడు. టార్చి పట్టుకోరా అంటే చరిత్ర చదువుతాడు.

స్ప్రింగుని నొక్కి పట్టి పాతదాన్నుంచి తీసి కొత్తదానికి ఎక్కించడం ఒక్కటి ఇంట్లో పెట్టుకోలేదు. నొక్కి ఉన్న స్ప్రింగు జారిందంటే దవడ ఉండదు. అందుకని రెండు స్ట్రట్లూ గోనెలో చుట్టి, స్కూటీ ముందర పెట్టుకుని, రింగురోడ్డు వైపు ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. చిరాకు అంటే అక్కడ.

పై నట్టు తిప్పుతుంటే లోపలి రాడ్ కూడా తిరిగిపోతుంది. అది తిరగకుండా రాడ్ తలలో పట్టుకోవడానికి వీలుంటుంది, అలెన్ కీ, అంటే ఆరు పలకల వంపు పానా, పెట్టి ఆపాలి. అక్కడి కుర్రాడు కటింగ్ ప్లయర్ తీసి కొత్త రాడ్‌ని నడుం దగ్గర పట్టేశాడు! అద్దంలా మెరిసే క్రోము రాడ్ అది. గతుకు పడ్డ ప్రతిసారీ రబ్బరు సీలు మధ్యలోంచి వెళ్లి వస్తూ ఉంటుంది. దాని మీద గీత పడితే ఆ గీత సీలుని కోస్తూ కూర్చుంటుంది, కొన్నాళ్లకి నూనె కారుతుంది. అరిచాను. నిజంగానే అరిచాను. చుట్టుపక్కల వాళ్లు చూశారు.

"ఏటి కాదన్నా, అందరివీ ఇలాగే చేస్తన్నాం" అన్నాడు షెడ్డు ఓనరు, టీ తాగుతూ, కుర్చీలోంచి కదలకుండా. అందరివీ ఇలాగే చేస్తే అందరివీ ఇలాగే పోతాయి కదా! అలెన్ కీ ఉందా అంటే ఉందట. మరి వాడరేం అంటే, డబ్బాలో అడుగున ఉందట. పని ఇచ్చి పక్కన నిలబడి చూసేవాణ్ణి మన ఊళ్లో పిసినారి కింద జమ కడతారు. అడిగితే అనుమానప్పక్షి. అదే పెద్ద కారేసుకుని వచ్చి ఏసీలో కూర్చుని అడిగితే "సార్" అంటారు. నాకు ఇలాంటివి చూస్తే అన్నం సయించదు. ఇవాళ కూడా రాత్రి సరిగ్గా తినలేదు, అమ్మ మాట వల్లనో ఈ ప్లయర్ వల్లనో తెలీదు. ఆ కుర్రాడి మీద ఇప్పుడు కోపం లేదు. వాడికి ఎవరు చూపించారో అదే చేస్తాడు. టార్చి కింద రాడ్ అంతా తిప్పి చూశాను, గీత కనపడలేదు. బతికిపోయాను.

తిరిగి బిగించడం గురించి రాయడానికేం లేదు. కింద రబ్బరు బుష్షులున్న చోటి బోల్టులని ముందు ఊరికే తగిలించి ఉంచాను. చక్రాలు నేలమీద ఆని బండి బరువు పడ్డాకే పూర్తిగా బిగించాను. గాల్లో ఉండగా బిగిస్తే బుష్షు మెలిపడే ఉండిపోతుంది.

సాయంత్రం అమ్మని వెనక కూర్చోబెట్టి పెద్ద చెరువు పక్కనుంచి, కోట దగ్గరనుంచి, గంటస్తంభం మీదుగా ఒక చుట్టు. గతుకులో దిగింది, లేచింది, ఆగింది. నాకు ఒళ్లు పులకరించింది. వెంటనే వెనకనుంచి వచ్చింది.

"ముందరే బాగుండీదిరా. ఉయ్యాల్లాగ ఊగీది, నిద్దరొచ్చీసీది. ఇప్పుడేటి, గట్టిగా కొడతంది."

అమ్మ ఆ మాట ఊరికే అనదు. ఆవిడ పుట్టిల్లు పాలకొండ దగ్గర. 2022లో అది పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసింది గానీ ఆవిడకి ఇంకా శ్రీకాకుళం జిల్లాయే. 1979లో విజయనగరం జిల్లా అవకముందే ఇక్కడికి కోడలిగా వచ్చింది. దాసన్నపేటలోని అత్తారింట్లో చాలామందే ఉండేవారు. అందులో నిద్రకి ఆవిడ వంతు ఎప్పుడు వచ్చేదో నాకు తెలీదు. వేసవి సెలవుల్లో మమ్మల్ని తీసుకుని చీపురుపల్లి, రాజాం మీదుగా పాలకొండ బస్సెక్కేది. అందరూ ముందు సీట్ల కోసం కిటికీల్లోంచి తువ్వాళ్లు వేస్తుంటే అమ్మ తిన్నగా ఆఖరి వరసకి నడిచేది. అక్కడ కుదుపులు ఎక్కువని, వాంతులవుతాయని ఎవరూ ఎక్కరు, కాళ్లు చాపుకోవచ్చు. కొంగు చివర మా అప్ప, అంటే అక్క, చేతికి ఇచ్చి, నన్ను మోకాలికి ఆనించుకుని, ఊరి పొలిమేర దాటేసరికి నిద్రపోయేది. నోరు కొంచెం తెరుచుకుని. ఇంట్లో ఎప్పుడూ అలా చూళ్లేదు ఆవిణ్ణి. ఒకసారి కల్వర్టు దగ్గర బస్సు వెనక భాగం ఎంత ఎత్తు లేచిందంటే వరస మొత్తం సీట్లోంచి లేచిపోయాం. అప్ప తల పై కడ్డీకి తగిలి ఏడుపు లంకించుకుంది. అమ్మకి మెలకువ వచ్చి, దాని తల నిమురుతూనే నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేని నవ్వు. కండక్టర్ కూడా నవ్వాడు. అత్తారింట్లో ఆవిడ అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు, పళ్లు కనపడకుండా నవ్వడమే చూశాను. రాజాంలో దిగి సోడా తాగించింది మాకు. తను తాగలేదు, డబ్బులు లెక్క ఉండేవి కాబోలు.

సాయంత్రం మాత్రం కోపమే వచ్చింది. పొద్దుట్నుంచీ చేసింది బూడిదలో పోసినట్టయిందే అని. ఇది రాస్తుంటే అనిపిస్తోంది, ఆవిడకి మంచి బండి అంటే నిద్ర పట్టే బండి. నేను చూసే బండి వేరు, ఆవిడ చూసే బండి వేరు. కొంచెం మెత్తటి రకం దొరికేదేమో, దుకాణంలో ఇంకో రెండు చూసి ఉండాల్సిందేమో అని కూడా అనుకున్నాను.

మళ్లీ, లేదు. ఊపుని పట్టుకోవడం స్ప్రింగుకి చేతకాదు, తీసుకున్నది తిరిగి ఇచ్చేస్తుంది. ఆ ఊపుని మింగేది షాకబ్జరే. లోపల పిస్టన్ సన్నటి సందుల్లోంచి నూనెని నెడుతుంటే ఊపంతా వేడిగా మారి పోతుంది. నూనె కారిపోయినవాటిలో అది లేదు. ఊగుతున్న చక్రం రోడ్డుమీద సగం సేపు తేలికగానే ఉంటుంది. ఆ క్షణాన మేక అడ్డొస్తే బ్రేకు ఎవరు పట్టుకుంటారు? అమ్మ నిద్రపోతున్నది ఆ బండిలో. కాబట్టి ఇవే ఉంటాయి.

ఆదివారం పాలకొండ వెళ్దామంటోంది. బియ్యం బస్తాలు ఎక్కితే బండి మెత్తబడుతుందట, అదీ ఆవిడ లెక్క. బరువు పడితే వెనక భాగం నిజంగానే కాస్త మెత్తగా అనిపిస్తుంది, ఆ మాట కొట్టిపారెయ్యలేను. రెండు బస్తాలకి మించి ఎక్కించనని మాత్రం ముందే చెప్పేశాను.