సమస్యను ఉన్నంతగానే చూడటం: 13వ కీర్తన నేర్పే ప్రార్థన

కష్టంలో ఉన్నవాళ్లకు మన సంఘాల్లో వెంటనే అందించే వాక్యం 2 కొరింథీ 4:17. "క్షణమాత్రముండు మా చులకని శ్రమ" అన్నాడు కదా పౌలు, నీ శ్రమా అంతే, లేచి స్తుతించు అంటారు. అదే పత్రిక 1:8 మాత్రం ఎవరూ చదివి వినిపించరు. ఆసియలో వచ్చిన శ్రమకు బతుకుతామన్న ఆశ కూడా వదులుకున్నామని, శక్తికి మించిన బరువు కింద క్రుంగిపోయామని అక్కడ ఆ పౌలే రాశాడు. 11వ అధ్యాయంలో లెక్క కూడా అప్పజెప్పాడు: ఒకటి తక్కువ నలభై దెబ్బలు 5 సార్లు, బెత్తం దెబ్బలు 3 సార్లు, రాళ్ల దెబ్బలు ఒకసారి, ఓడ పగిలిపోవడం 3 సార్లు, ఒక రాత్రీ పగలూ సముద్రంలోనే. ఇంత లెక్క మోసినవాడు నిత్యమహిమను ఎదురుగా పెట్టుకుని తన శ్రమను తాను చులకన అన్నాడు. పక్కింటివాళ్ల శ్రమను చులకన అనే హక్కు ఈ వచనం ఎవరికీ ఇవ్వలేదు.

కాబట్టి విశ్వాసంతో సమస్యను చూడటమంటే దాన్ని తగ్గించి చెప్పుకోవడం అనుకుంటే మొదట్లోనే దారి తప్పినట్టు. ఉన్నది ఉన్నట్టు దేవుని ముందు పెట్టాలి, రూపాయలతో, తేదీలతో సహా. ఆ తర్వాతే ఆయన ఎవరో గుర్తు చేసుకోవాలి. ఈ వరుస తిరగబడితే ప్రార్థన పైపై మాటలుగా మిగిలిపోతుంది.

ఈ వరుస బాగా నేర్పేవి విలాప కీర్తనలు, అంటే దేవుని ముందు బాధ వెళ్లబోసుకునే కీర్తనలు. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఇవే, అయినా మన ఆరాధనల్లో వీటికి దక్కే చోటు తక్కువ. మొదలుపెట్టడానికి 13వ కీర్తన చాలు, మొత్తం 6 వచనాలే. మొదటి రెండు వచనాలు ఫిర్యాదు: ఎంతకాలము, ఎంతవరకు అని దావీదు దేవుణ్నే నిలదీస్తాడు. 3, 4 వచనాలు విన్నపం. 5, 6లో "నేనైతే నీ కృపయందు" అంటూ మాట మలుపు తిరుగుతుంది. ఈ మూడు భాగాల్లో మీ సంగతి మీ మాటల్లో రాసుకోవడమే పద్ధతి. ఒక నోటు పుస్తకం, ఇరవై నిమిషాలు ఉంటే సరిపోతుంది. అందులో సగం సమయం ఫిర్యాదుకే ఇవ్వండి. పడుకోబోయే ముందు మాత్రం వద్దు. అలసిన మనసు ఫిర్యాదు దగ్గరే ఆగిపోయి తెల్లవార్లూ దాన్నే తిప్పుతుంది. రాత్రి భోజనానికి ముందో, తెల్లవారాకో కూర్చోండి.

అప్పు సంగతే తీసుకుందాం. "ప్రభువా, ఆర్థిక ఇబ్బందులు తీర్చు" అని ఏళ్ల తరబడి ప్రార్థించినా గుండె మీద బరువు దిగదు, ఎందుకంటే ఎంత బరువో ఆ మాటలో లేనే లేదు. ఇలా రాయండి: "3 లక్షల అప్పు. రెండు రూపాయల వడ్డీ. నెలకు 6,000, ఏడాదికి 72,000. 8 నెలలుగా కట్టలేదు, వడ్డీయే 48,000 అయింది. ఎంతకాలం ఫోను మోగితే ఉలిక్కిపడాలి? ఎంతకాలం ఆ వీధిలోంచి వెళ్లకుండా చుట్టు తిరిగి ఇంటికి రావాలి? నన్ను మరిచిపోయావా?" చివరి ప్రశ్న రాయడానికి చాలామందికి చెయ్యి ఆడదు. దేవుణ్ని అలా అడగవచ్చా అని భయం. దావీదు అడిగాడు, ఆ అడిగినదే వాక్యంగా మన చేతికి వచ్చింది.

విన్నపం కూడా అంతే స్పష్టంగా ఉండాలి. "ఈ నెల 10 లోపు ఒక నెల వడ్డీ అయినా చేతికి రావాలి. బాకీ వడ్డీకి గడువు అడిగితే అప్పిచ్చినాయన ఒప్పుకోవాలి. అసలు ఎంత ఉందో ఇంట్లో చెప్పే ధైర్యం కావాలి." ఈ మూడింటిలో మొదటిది డబ్బు గురించి, రెండోది ఎదుటి మనిషి గురించి, మూడోది మీ గురించి. సాధారణంగా మూడోదే ముందు నెరవేరుతుంది. మిగతా రెండూ దాని మీద ఆధారపడి ఉంటాయని అప్పుడు తెలుస్తుంది.

మూడో భాగంలో ఎక్కువమంది తడబడతారు. "నేనైతే" అన్నాక లేని సంతోషాన్ని తెచ్చిపెట్టుకోబోతారు. 77వ కీర్తన చూడండి. దాన్ని రాసిన ఆసాపుకు నిద్ర లేదు, మాట రాదు, దేవుడు కటాక్షించడం మానేశాడా అని వరుసగా ప్రశ్నలే. 11వ వచనం దగ్గర పూర్వం దేవుడు చేసిన పనులను జ్ఞాపకం చేసుకోవడం మొదలుపెడతాడు. గుర్తుచేసుకున్నది తన సొంత అనుభవాన్ని కూడా కాదు, ఎన్నో తరాల కిందట సముద్రం పాయలైన సంగతిని. మనకు అది సిలువ, ఖాళీ సమాధి. కాబట్టి ఇక్కడ ఎలా అనిపిస్తోందో రాయనక్కర్లేదు. ఆయన చేసిన పని ఒకటి రాయండి, ఒక్క వాక్యం చాలు. మనసు తేలికపడకపోయినా ఆ వాక్యం నిజమే.

పుస్తకం మూసేముందు ఈ రోజు చేయాల్సిన పని ఒకటి రాసుకోండి, ఒకటే. "ఏనాటికీడు ఆనాటికి చాలును" (మత్తయి 6:34) అన్నది పని మానుకోమని చెప్పిన మాట కాదు. అప్పు విషయంలో ఆ ఒక్క పని, ఫోను ఎత్తకుండా తప్పించుకుంటున్న ఆ మనిషికి మీరే ఫోను చేయడం. పుస్తకం మూశాక మళ్లీ రేపటి దాకా తెరవొద్దు. గంటగంటకూ తెరిస్తే అది ప్రార్థన ముసుగులో చింతే. ఇంకొకటి: అప్పు తీరాలని అప్పు తెచ్చి కానుక వేయకండి. వేస్తే వందంతలు తిరిగి వస్తుందని వేదిక మీద ఎవరు చెప్పినా, రెండు రూపాయల వడ్డీ మాత్రం నెల తిరిగేసరికి పడుతుంది.

వాగ్దాన కార్డుల గురించి కూడా ఒక మాట. జనవరి 1న తీసుకుని బీరువా అద్దానికి అంటించే వాక్యాల్లో యిర్మీయా 29:11 తప్పకుండా ఉంటుంది, సమాధానకరమైన ఉద్దేశాలు అనేది. దానికి ముందున్న వచనం కార్డు మీద ఉండదు. 70 ఏళ్లు గడిచాక మిమ్మల్ని తిరిగి రప్పిస్తాను అని ఉంటుందందులో. బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం అది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి అని 5, 6 వచనాల్లో చెప్పాడు. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా తిరిగి వస్తుందని అందరి ముందూ ప్రకటించాడు. జనానికి నచ్చే మాట అదే, కానీ అది అబద్ధ ప్రవచనం. కార్డు తీసి పారేయనక్కర్లేదు. ఆ అధ్యాయం మొదటి నుంచి 14వ వచనం దాకా ఒకసారి చదివి, మళ్లీ అక్కడే అంటించండి. ఈ డిసెంబరుకల్లా తీరకపోతే దేవుడు మాట తప్పాడని అప్పుడు అనిపించదు.

సమస్య పెద్దదిగా కనిపించడానికి చాలాసార్లు సగం కారణం ఒళ్లే. ఏలీయా ప్రవక్త సంగతి 1 రాజులు 19లో ఉంది. బదరీవృక్షం కింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి పెట్టాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. నేనొక్కడినే మిగిలాను అన్న అతని లెక్కను దేవుడు సరిచేసింది ఆ తర్వాత 40 రోజులు నడిచి హోరేబు కొండ చేరాకే: తనవాళ్లు ఇంకా 7,000 మంది ఉన్నారన్నాడు. వరసగా రెండు మూడు రాత్రులు నిద్ర లేనివాళ్లు ఉపవాస ప్రార్థనకు కూర్చోకుండా, ముందు ఇంత అన్నం తిని పడుకోవడం మేలు. షుగరు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు. మందులు మానేయడం విశ్వాసం కాదు. జబ్బుపడ్డ హిజ్కియా రాజు బతుకుతాడని దేవుడే మాట ఇచ్చాడు, అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు (2 రాజులు 20:7).

అన్ని కీర్తనలూ 13లా మలుపు తిరగవు. 88వ కీర్తన చీకటి దగ్గరే ముగుస్తుంది. ఏ మంచి మాటా రాయలేని రోజున ఆ కీర్తననే పైకి చదవండి, అదీ ప్రార్థనే. అయితే అలాంటి రోజులు రెండు వారాలు దాటి సాగుతుంటే, తిండీ నిద్రా పోతుంటే, పాస్టరుగారితో పాటు డాక్టరుకూ చెప్పాలి. చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన వస్తుంటే రెండు వారాలు చూద్దామని కూడా ఆగకుండా వెంటనే చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. విశ్వాసి ఆ నంబరుకు ఫోను చేస్తే సాక్ష్యం పాడవుతుందనే భయం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, వాక్యంలో నుంచి మాత్రం రాలేదు.

బంధువుల పిల్లలకు వీసాలు వచ్చి, ఎదురింటివాళ్ల స్లాబు పడుతుంటే కలిగే బాధ వేరు. దానికి 13వ కీర్తన అంతగా సరిపోదు, 73 సరిపోతుంది. భక్తిహీనుల క్షేమం చూసి మత్సరపడ్డానని ఆసాపు దాచకుండా ఒప్పుకుంటాడు. చూపు మారేది 17వ వచనంలో, పరిశుద్ధ స్థలంలోకి వెళ్లాక. ఇంట్లో ఒంటరిగా వాట్సాప్ స్టేటస్‌లు చూస్తూ కూర్చుంటే ఈ బాధ తగ్గదు. ఆదివారం ఆరాధన మానేయాలని గట్టిగా అనిపించేదీ ఇలాంటప్పుడే, మానకూడనిదీ ఇప్పుడే.

ప్రార్థన మనవి ఎవరికి ఎంత చెప్పాలన్నది కూడా చూసుకోవాలి. పూర్తి సంగతి ఇద్దరికి చాలు, నోరు జారని ఇద్దరికి. సంఘం వాట్సాప్ గ్రూపులో "కుటుంబ అవసరం కొరకు" అని పెడితే సరిపోతుంది. పిల్ల సంబంధం తప్పిపోయిందనో, కొడుకు తాగుతున్నాడనో గ్రూపులో రాస్తే సాయంత్రానికి అది వేరే ఊళ్లో వార్తవుతుంది. ప్రార్థించేవాళ్లకు వివరాలన్నీ తెలియనక్కర్లేదు. జబ్బు విషయంలో మాత్రం యాకోబు 5:14 చెప్పినట్టు పెద్దలను ఇంటికి పిలిచి దాచకుండా చెప్పడం మంచిది.

పరామర్శకు వెళ్లేవాళ్లు, అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులను గుర్తుపెట్టుకోవాలి. 7 రాత్రింబగళ్లు అతనితో నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదే. నోరు తెరిచాకే అంతా చెడింది, చివరికి 42:7లో దేవుడి కోపం వాళ్ల మీద రగిలింది. కాబట్టి మొదటిసారి వెళ్లినప్పుడు, అన్నీ మేలుకే జరుగుతాయన్న రోమా 8:28 ఎత్తకండి. నీకన్నా కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా అనకండి, నీలో ఏ పాపముందో పరీక్షించుకో అని అసలే అనకండి. 13వ కీర్తన ఒకటి నెమ్మదిగా చదివి, చిన్న ప్రార్థన చేసి, టీ పెట్టమని ఇబ్బంది పెట్టకుండా లేవండి. వీలైతే అన్నం క్యారియరు తీసుకెళ్లండి. మొదటి వారం ఇల్లంతా మనుషులే ఉంటారు. మూడో వారానికి ఎవరూ రారు, మళ్లీ వెళ్లాల్సింది అప్పుడు.