వానాకాలం చెవి పోటు: నూనె పోయకండి, పుల్ల పెట్టకండి

తడిసిన హెల్మెట్‌తో గంటసేపు ట్రాఫిక్‌లో ఉండి, ఇంటికొచ్చి తలస్నానం చేసి, దురదగా ఉందని చెవిలో బడ్ తిప్పారంటే రెండు రోజుల్లో పోటు మొదలవ్వచ్చు. హైదరాబాద్‌లో వానలున్నన్నాళ్లూ ఇదే వరస. వేసవిలో ఈత కొలనులకు వెళ్లే పిల్లలకూ ఇదే బాధ.

పోటు ఎక్కడిదో ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. చెవి దొప్పను పట్టుకుని మెల్లగా పైకి లాగండి. రంధ్రానికి ముందుండే చిన్న మిట్టను నొక్కండి. ప్రాణం జివ్వుమంటే అది చాలావరకు బయటి చెవి దారిలోని ఇన్ఫెక్షనే. జలుబు వెనక వచ్చే మధ్య చెవి పోటు మామూలుగా ఇలా లాగితే పెరగదు.

ఈ దారి పెద్దవాళ్లలో సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవు. లోపలి మూడింట రెండు వంతుల్లో పల్చటి చర్మం నేరుగా ఎముకకు అతుక్కుని ఉంటుంది, వాపుకు చోటుండదు. అందుకే అంత నొప్పి. గులిమిని మురికి అనుకుంటాం గానీ, నీటిని చర్మానికి అంటనివ్వనిది అదే. దాని పులుపు గుణానికి క్రిములు అంత తేలిగ్గా పెరగవు. బడ్‌తో దాన్ని తుడిచేసి, చర్మం గీరుకుపోయి, పైన తడి కూడా నిలిస్తే సూడోమోనాస్, స్టెఫైలోకాకస్ లాంటి బాక్టీరియాకు దారి ఇచ్చినట్టే. అగ్గిపుల్ల, పిన్నీసు, బండి తాళంచెవి అయితే ఇంకా ప్రమాదం.

వెల్లుల్లి కాచిన నూనె దయచేసి పోయకండి. వాచిన దారిలోంచి అది బయటికి రాదు, చెత్తను పట్టి ఉంచుతుంది. డాక్టరు చూసినా లోపల ఏముందో కనపడదు. వేడి కాస్త ఎక్కువైతే చర్మం కాలుతుంది.

అసలు పెద్ద పొరపాటు మెడికల్ షాపు దగ్గర జరుగుతుంది. చెవి పోటు అనగానే యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన చుక్కలు చేతిలో పెడతారు. బాక్టీరియా అయితే మంచి మందే. ఫంగస్ అయితే మాత్రం దానికి ఎదురు లేకుండా చేస్తుంది. వానాకాలం చెవుల్లో ఫంగస్ తక్కువేమీ కాదు. నొప్పికంటే దురద ఎక్కువ, చెవి దిబ్బడ, వారం రోజులు చుక్కలు వేసినా తగ్గకపోవడం దాని గుర్తులు. లోపల చూస్తే తడిసిన న్యూస్ పేపర్ ముద్దలా ఉంటుంది, ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే ఫంగస్ అయితే మీద నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ముందు ఆ ముద్దను డాక్టరు దగ్గర సక్షన్‌తో, అంటే సన్న గొట్టంతో పీల్చి, తీయించాలి. అది తీయనిదే మందు చర్మాన్ని తాకదు. ఆ తర్వాత సాధారణంగా క్లోట్రిమజోల్ 1 శాతం చుక్కలు రాస్తారు. దురద తగ్గిందని నాలుగు రోజులకే ఆపితే మళ్లీ వస్తుంది, రెండు వారాలైనా వాడాల్సి ఉంటుంది. ఖర్చుకు భయపడితే కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది.

చుక్కలు వేసే తీరు కూడా ముఖ్యం. సీసాను రెండు నిమిషాలు గుప్పిట్లో పట్టుకుని వెచ్చబరచండి, చల్లగా పడితే తల గిర్రున తిరుగుతుంది. పక్కకి పడుకున్నాక పెద్దవాళ్లకైతే దొప్పను పైకి, వెనక్కి లాగాలి. మూడేళ్లలోపు పిల్లలకు కిందికి, వెనక్కి. చుక్కలను గోడ వెంబడి జారనిచ్చి, ముందున్న మిట్టను నాలుగైదు సార్లు నొక్కి వదలండి. గాలి బయటికి పోయి మందు లోపలికి దిగుతుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు అలాగే ఉండండి. వాపుతో దారి మూసుకుపోతే చుక్కలు పైనే ఆగిపోతాయి, అప్పుడు డాక్టరు చిన్న ఒత్తి పెట్టి దాని మీద వేయిస్తారు. కర్ణభేరికి చిల్లు ఉందని ఎప్పుడైనా చెప్పి ఉంటే ఆ మాట ముందే చెప్పండి, నియోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ చుక్కలు అప్పుడు వాడకూడదు.

మామూలు కేసుకు మింగే యాంటీబయాటిక్ అక్కర్లేదు, నొప్పికి పారాసిటమాల్ చాలు. రెండు మూడు రోజుల్లో తేడా కనపడకపోతే మళ్లీ చూపించుకోండి.

షుగర్ ఉన్న పెద్దవాళ్ల విషయంలో ఇంకో లెక్క. రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి, ఆగని చీము, మూతి ఒక పక్కకి లాగడం ఉంటే ఇన్ఫెక్షన్ ఎముకకు పాకి ఉండొచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాళ్ల చెవిలో కుళాయి నీళ్లు కొట్టి గులిమి కడిగించొద్దు.

తగ్గేదాకా వారం పది రోజులు చెవి పొడిగా ఉండాలి. స్నానానికి ముందు వాజిలీన్ రాసిన దూదిని రంధ్రం మొదట్లోనే పెట్టి, స్నానమవగానే తీసేయండి. ఇయర్‌ఫోన్లు పక్కన పెట్టండి. మామూలప్పుడు నీళ్లు పోతే తల వంచి, దొప్పను అటూ ఇటూ కదిపి కారనివ్వండి. హెయిర్ డ్రయ్యర్ ఉంటే తక్కువ వేడిలో, అడుగు దూరం నుంచి ఒక నిమిషం పట్టినా చాలు. తడిసిన హెల్మెట్‌ను డిక్కీలో కుక్కకుండా లోపలి గుడ్డ పైకి ఉండేలా ఫ్యాను కింద పెట్టండి.