ఊఁ కొట్టడం నేర్పిన పుస్తకం

మా పాపకు ఎనిమిదేళ్లు. పోయిన ఏడాది తన క్లాసులో ఒకమ్మాయి పుట్టినరోజు పార్టీకి తన జట్టులో అందరినీ పిలిచి పాపను వదిలేశారు. కారెక్కగానే ఏడుపు. నేను పుస్తకంలో చదివిన పద్ధతిలోనే, "నీకు చాలా నిరాశగా అనిపిస్తున్నట్టుంది" అన్నాను. "అలా మాట్లాడకమ్మా" అని కిటికీ వైపు తిరిగిపోయింది.

ఆ పుస్తకం అడెల్ ఫేబర్, ఎలైన్ మజ్లిష్ రాసిన 'హౌ టు టాక్ సో కిడ్స్ విల్ లిజన్ అండ్ లిజన్ సో కిడ్స్ విల్ టాక్'. 1980లో వచ్చింది. పిల్లల సైకాలజిస్ట్ హైమ్ గినాట్ దగ్గర నేర్చుకున్న ఇద్దరు తల్లులు రాశారు. పాపకు నాలుగేళ్లప్పుడు, అమెరికాలో మేముండే న్యూజెర్సీలోనే ఉండే ఒక స్నేహితురాలు నాకు ఇచ్చింది.

దానికి నేను చాలా రుణపడి ఉన్నాను. "ఏం కాలేదులే, ఊరుకో", "ఇంతదానికే ఏడుస్తారా" అనే మాటలు వింటూ పెరిగాను, తల్లినయ్యాక నేనూ అవే అన్నాను. అలా అనడమంటే నొప్పి అన్న పిల్లతో నొప్పి లేదని వాదించడమేనని మొదటి అధ్యాయం చదివాకే తెలిసింది. సలహా ఇవ్వకుండా ముందు వినండి, "ఓ", "అలాగా" అంటే చాలు అంటుంది పుస్తకం. అక్కడ మా తాతయ్య గుర్తొచ్చారు. మేం ఊఁ కొట్టకపోతే కథ ఆపేసేవారు. పిల్లలు చేసే ఆ పని ఈ పుస్తకం తల్లికి అప్పజెప్పింది. నేను ఊఁ కొట్టడం మొదలుపెట్టాక పాప స్కూలు సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. అడిగింది ఇవ్వలేకపోతే కనీసం ఊహలోనైనా ఇవ్వండి అని ఇంకోచోట ఉంటుంది. చందమామ కోసం ఏడ్చిన రాముడికి అద్దంలో చూపించిన కథ మనకు తెలిసిందే కదా.

నన్ను బాధపెట్టింది వేరే. అందులో మనసు గురించి చెప్పే మాటలన్నీ ఇంగ్లీషువి. వాటిని తెలుగు చేస్తే కారులో అన్న మాటలా బిగుసుకుపోతాయి. అందుకని నాకు తెలియకుండానే అలాంటి సందర్భాల్లో ఇంగ్లీషులోకి వెళ్లిపోయాను. రెండేళ్లపాటు మా ఇంట్లో అన్నం, స్నానం, హోంవర్క్ తెలుగులో, ఏడుపులూ ఓదార్పులూ ఇంగ్లీషులో నడిచాయి. తెలుగు నిలబెట్టాలని అంత తాపత్రయపడుతూ, అసలైన చోట నేనే దాన్ని పక్కన పెట్టేశాను.

తర్వాత తెనాలి నుంచి అమ్మ వచ్చి ఆరు నెలలు ఉంది. ఒకరోజు పాప తిండి మానేసి సోఫా వెనక పడుకుంది. అమ్మ వంగి చూసి, "అలిగావా తల్లీ?" అంది. అంతే, పాప ముఖం మారిపోయింది. కోపం ఎవరి మీదైనా వస్తుంది. అలక మాత్రం మనవాళ్ల మీదే, వచ్చి బతిమాలతారన్న ధీమాతో. అమ్మ పక్కనే చతికిలబడి పప్పన్నం ముద్దలు కలిపి పెట్టింది. కారణం అడగనే లేదు.

అదే అమ్మ రోజుకు నాలుగుసార్లు పాపను "మొండిఘటం" అనేది. పిల్లలకు అలాంటి ముద్రలు వెయ్యొద్దని పుస్తకం చివర్లో గట్టిగా చెబుతుంది. అది నిజమని నమ్ముతాను కాబట్టి అమ్మకు చెప్పాను. ఆమె నొచ్చుకుంది. "నిన్ను అనలేదా? నువ్వేమైపోయావు?" అంది. నేను మొండిదాన్నేనని చాలా ఏళ్లు నమ్మాను. ఆ మాట అమ్మతో చెప్పలేకపోయాను. అమ్మమ్మ ఇంట్లో ఉన్నప్పుడు ఏం చెయ్యాలో చెప్పే పేజీ ఆ పుస్తకంలో నాకు కనిపించలేదు. ఈ దేశంలో పిల్లల్ని పెంచుతున్న మనకు ఎక్కువగా కావాల్సింది ఆ పేజీయే.

అక్టోబరులో అమ్మ వెళ్లిపోయింది. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చాక పాప ఏ గదిలోనూ కుదురుగా ఉండలేదు. "ఏదోలా ఉందమ్మా" అంది.

"బెంగ" అన్నాను.

"బెంగ అంటే శాడ్ ఆ?"

"శాడ్ కాదు. అమ్మమ్మ లేదని వచ్చేది."

"బెంగ" అని తనలో తనే రెండుసార్లు అనుకుంది. ఆ రాత్రి అమ్మ వదిలి వెళ్లిన పాత నేత చీర కప్పుకుని, అమ్మ పడుకున్న మంచం మీదే పడుకుంది.