గెలిచినా నవ్వట్లేదు వీడు

ఇవాళ ఆదివారం, స్పెషల్ ఏం లేదు. అందరి టిఫిన్లూ అయిపోయాక పదకొండున్నరకి లేచాడు మా తమ్ముడు, రాత్రి ఎప్పుడు పడుకున్నాడో వాడికే తెలియాలి. అమ్మ వేడివేడిగా పెసరట్టు వేసిస్తే పక్కన పెట్టి, చెమటకి జారకుండా బొటనవేళ్ళకి ఆ నల్ల తొడుగులు వేసుకుని ఫోన్‌లో బీజీఎంఐ మొదలెట్టాడు, అదే టీమ్‌గా కలిసి ఆడే ఆ తుపాకుల ఆట. అట్టు చల్లారి అంచులు గట్టిపడ్డాయి, వీడు మాత్రం "నాక్ అయ్యా రా, రివైవ్ ఇవ్వండి" అని అరుపులు.

నాన్నేమో వాడు ఎంజాయ్ చేస్తున్నాడనుకుంటారు. నేను పక్కన కూర్చుని మొహం చూశా, చికెన్ డిన్నర్, అంటే గెలుపు, వచ్చినా నవ్వలేదు, వెంటనే "స్టార్ట్ కొట్టు" అన్నాడు, నాకు భయం వేసింది అక్కడే. సీజన్ అయ్యేలోపు ర్యాంక్ పడిపోకూడదంట, మిషన్లు చెయ్యకపోతే ఆటలో బహుమతుల కోసం కొన్న రాయల్ పాస్‌కి పెట్టిన డబ్బులు దండగంట. ఇది ఆటా, టార్గెట్లున్న ఉద్యోగమా? జీతం లేదు సరికదా, ఎదురు మనమే కట్టాలి.

2020 సెప్టెంబర్‌లో పబ్జీ బ్యాన్ చేస్తే అమ్మ కొబ్బరికాయ కొట్టింది. 2021లో అదే ఆట బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది, 2022 జూలైలో అదీ ఆగింది, 2023 మేలో మళ్ళీ వచ్చింది. ఆ గ్యాప్‌లో వీడు గ్రౌండ్‌కి వెళ్ళాడా అంటే లేదు, ఇంకో ఆట పట్టుకున్నాడు.

డబ్ల్యూహెచ్ఓ ఈ గేమింగ్ వ్యసనాన్ని జబ్బుల లిస్టులో పెట్టింది, 2022 నుంచి అమల్లో ఉంది. అందులో గంటల లెక్క లేదు, ఆపుకోలేకపోవడం, మిగతావన్నీ వెనక్కెళ్ళిపోవడం, నష్టం కనిపిస్తున్నా ఆగకపోవడం, అదీ మామూలుగా ఏడాదిపాటు ఉంటేనే. ఆడే ప్రతివాడికీ ఉన్నట్టు కాదు, మావాడికి ఉందో లేదో డాక్టరే చెప్పాలి, కానీ క్రికెట్ మానేశాడు, పిన్ని కూతురి పెళ్ళికి రాలేదు, కరెంట్ పోతే అమ్మ మీద ఎగురుతాడు.

మధ్యాహ్నం మెల్లగా కదిపితే, "ఇంటర్ అయ్యాక ఎవరి దారి వాళ్ళదే అక్కా, రోజూ నాతో మాట్లాడేది ఈ ఆటలో టీమ్ వాళ్ళే, మధ్యలో లేచిపోతే మళ్ళీ పిలవరు" అన్నాడు. తిడదామని వెళ్ళినదాన్ని, ఏమనాలో తెలీలేదు. ఫోన్ లాక్కుంటే ఆటతో పాటు ఆ నలుగురూ పోతారు కదా, ఆ ఖాళీలో ఏం పెడతాం?

మానసిక ఆరోగ్యానికి గవర్నమెంట్ హెల్ప్‌లైన్ ఉంది కదా, టెలీ మానస్, ఆ 14416కి రేపు ముందు నేనే చేసి మాట్లాడతా, ఫ్రీనే, తెలుగులో కూడా మాట్లాడతారు. ఈ మాటే నాన్నకి చెప్తే "అవన్నీ ఎందుకు, వైఫై పీకేస్తే వాడే దార్లోకొస్తాడు" అన్నారు. మొబైల్ డేటా రీఛార్జ్ చేసేది మీరే కదా నాన్నా అంటే టీవీ సౌండ్ పెంచారు.