ఇల్లు మాదే, నేల మాత్రం కాదు

2017 జులైలో మాకు రిజిస్టర్డ్ పోస్టులో ఒక కవరు వచ్చింది. నేను నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నాను. మా ఆవిడే సంతకం పెట్టి తీసుకుంది. చదివి నన్ను లేపింది. "పార్కు అమ్మేస్తున్నారట."

మేముండేది అమెరికాలో, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, మొబైల్ హోమ్ పార్కులో. మొబైల్ అనే మాట పేరుకే. మా ఇల్లు 1988లో ఫ్యాక్టరీలో తయారై, రెండు ముక్కలుగా రోడ్డు మీద వచ్చి ఇక్కడ ఒకటైంది. అడుగున ఇనప చట్రం ఉంటుంది. 1976 జూన్ తర్వాత తయారైన ఇలాంటి ఇళ్లకు, కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం కట్టారని గుర్తుగా, బయటి గోడకు చిన్న ఎర్ర రేకు ముక్క ఉంటుంది. ఒకసారి దింపాక మళ్లీ కదిలించాలంటే వేల డాలర్లు కావాలి. ఇంత పాత ఇంటిని రానిచ్చే పార్కు దొరకడం ఇంకా కష్టం. అంటే ఇల్లు మాదే, దాని కింద నేల మాత్రం ఇంకొకరిది. ఆ నేలకి నెలకు 415 డాలర్లు అద్దె. పెంచితే కట్టాలి, లేదంటే ఇల్లు అక్కడే వదిలేసి పోవాలి.

ఈ రాష్ట్రంలోనే నాషువా అనే ఊళ్లో మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఉగాదికి కలిసినప్పుడు "మీ ఇల్లెక్కడ?" అని అడిగితే మా ఆవిడ ఊరి పేరు చెప్పి మాట మార్చేసేది. అది వేరే కథ.

పార్కు కొనేవాళ్లు ఎంత ఇస్తామన్నారో ఆ కవర్లోని ఉత్తరంలో రాశారు. ఈ రాష్ట్రంలో చట్టం ఏమిటంటే, పార్కు అమ్మాలనుకున్న యజమాని 60 రోజుల ముందు అక్కడ ఉండేవాళ్లందరికీ తెలియజెయ్యాలి. ఆలోగా వాళ్లు మేమే కొంటామంటే నిజాయితీగా బేరం మాట్లాడాలి. ఆ సంగతి నాకు తెలియదు. ఎవరు కొంటే మనకేంటి అనుకుని మళ్లీ పడుకున్నాను. సాయంత్రం ఎదురింటి పెద్దాయన వచ్చాడు. రిటైరైన లారీ డ్రైవరు. వాళ్ల చెల్లెలుండే పార్కును ఒక కంపెనీ కొన్నాక రెండేళ్లలో మూడుసార్లు అద్దె పెంచారట. "నువ్వు లెక్కలు రాసే మనిషివి, మీటింగుకి రావాలి" అన్నాడు.

మీటింగు ఫైర్ స్టేషన్ హాల్లో. ఇలా పార్కు కొనుక్కునేవాళ్లకు అప్పిచ్చి సాయపడే న్యూ హాంప్‌షైర్ కమ్యూనిటీ లోన్ ఫండ్ అనే సంస్థ నుంచి ఒకామె వచ్చింది. 1984లో మెరెడిత్ అనే ఊళ్లో పదమూడు కుటుంబాలు ఇలాగే కలిసి తమ పార్కు కొనుక్కున్నాయట. ఆ తర్వాత ఈ ఒక్క రాష్ట్రంలోనే వందకు పైగా పార్కులు అలా మారాయి. మిగతా రాష్ట్రాల్లో ఈ పని చెయ్యడానికి 2008లో రాక్ యూఎస్ఏ అనే సంస్థ కూడా పెట్టారు. అందరూ కలిసి కోఆపరేటివ్ పెట్టాలి, అది అప్పు తీసుకుని నేల కొంటుంది, ఇంటికి ఒక్క ఓటు.

కోఆపరేటివ్ అనగానే నాకు సొసైటీ అని వినిపించింది. కడుపులో తిప్పింది.

మాది చీరాల దగ్గర పల్లె. నాన్న గుంట మగ్గం మీద నేసేవాడు. సొసైటీ నూలిచ్చేది, చీరలు తీసుకుని మజూరీ ఇచ్చేది. ఒక ఏడు నూలు ఆగిపోయింది, చీరలు గోడౌన్లో పడున్నాయి, మజూరీ రాలేదు. అదొక్కటైతే తట్టుకునేవాళ్లమే. సొసైటీలో సాటి సభ్యుడి అప్పుకు నాన్న హామీ సంతకం పెట్టాడు. అతను ఊరొదిలి పోయాడు, నోటీసు మా ఇంటికొచ్చింది. నేనప్పుడు తొమ్మిదో తరగతి. అమ్మ చేతి గాజులు పోయిన సంగతి నేనింకెవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నాను.

అందుకే ఆ హాల్లో నేనడిగింది ఒక్కటే ప్రశ్న. "కోఆపరేటివ్ అప్పు కట్టలేకపోతే నా ఇల్లు పోతుందా?"

పోదంది లోన్ ఫండ్ ఆమె. తాకట్టు పెట్టేది పార్కు నేల. అప్పు కోఆపరేటివ్ పేరు మీద, సభ్యులెవరూ సొంతంగా హామీ సంతకం పెట్టరు. నేను నమ్మలేదు. కాగితాలు ఇమ్మన్నాను. వారం రోజులు డ్యూటీలో ఖాళీ దొరికినప్పుడల్లా చదివాను. అక్కకు వాట్సాప్‌లో చెబితే మండిపడింది. "సొసైటీయా? ఒరేయ్, నాన్న సంగతి అప్పుడే మర్చిపోయావా?" మర్చిపోలేదక్కా, అందుకే ప్రతి పేజీ రెండుసార్లు చదువుతున్నానన్నాను.

అంత చదివినవాణ్ని ఇంకేం చేస్తారు, ట్రెజరర్ని చేశారు.

మా పార్కులో 41 ఇళ్లు. సభ్యత్వానికి తలుపు తలుపూ తట్టి వంద డాలర్లు అడగాలి. వేసవి సాయంత్రాలన్నీ అదే పని. కొందరు తలుపు తియ్యలేదు. ఎనిమిదో నంబరావిడైతే గుమ్మంలోనే గంటసేపు నిలబెట్టి అడిగిందే అడిగింది. చివరికి డబ్బివ్వలేదు. "ఇరుగుపొరుగు వాళ్లు నా యజమానులవుతారా? ఇప్పుడున్న ఒక్క యజమానే నయం" అంది. విసుగొచ్చింది గానీ, తప్పని అనలేకపోయాను. నాషువాలో రెండిళ్లున్న మిత్రుడొకడు ఇంకో రకంగా అడిగాడు. వెళ్లిపోయేటప్పుడు నేల విలువ పెరిగినందుకు నీకేం వస్తుందని. ఏమీ రాదు, కట్టిన వందే తిరిగొస్తుంది, ఇంటి ధర మాత్రం నాది. "మరి లాభమేంటి?" అన్నాడు. ఎవరూ ఖాళీ చెయ్యమనరు అన్నాను. వాడికది లాభంలా కనిపించలేదు.

అరవై రోజుల్లో కోఆపరేటివ్ రిజిస్టరై, బైలాస్ రాసుకుని, అదే ధరకు మా ఆఫర్ పెట్టాం. యజమాని ఒప్పుకున్నాడు. అసలు టెన్షన్ ఆ తర్వాత. ఇంజనీర్లొచ్చి బావి నీళ్లు, రోడ్లు, సెప్టిక్ ట్యాంకులు అన్నీ చూశారు. నాలుగు ట్యాంకులు మార్చాల్సిందేనన్నారు. కింది వరస ఇళ్ల దగ్గర వాసన ఎందుకొస్తోందో ఆరేళ్ల తర్వాత అప్పుడు తెలిసింది. ఆ రిపోర్టు చూపించి ధర కొంత తగ్గించాం. అయినా అప్పు వాయిదా, రిపేర్ల నిధి కలిపి లెక్కేస్తే 415 చాలదు. 455 కావాలి.

ఆ లెక్క చెప్పాల్సింది ట్రెజరరే కదా. కంపెనీ కొంటే అద్దె పెంచుతుందని ఇల్లిల్లూ తిరిగి భయపెట్టిన నోటితోనే, మన అద్దె మనమే నలభై డాలర్లు పెంచుకుందామని చెప్పాను. హాలంతా గోల. పింఛను మీద బతికే ముసలివాళ్లున్నారు, వాళ్లకు నలభై డాలర్లంటే మందుల ఖర్చు. నాకు చెమటలు పట్టాయి. ఎదురింటి పెద్దాయన లేచి ఒక్క మాటే అడిగాడు. "ఆ నలభై ఎక్కడికి పోతుందో ప్రతి నెలా చూపిస్తావా?" చూపిస్తానన్నాను. చీటీల మీద ఓటింగ్ పెట్టాం. నెగ్గింది, భారీగా ఏం కాదు.

డిసెంబరులో రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఆ రోజు లాయరు ఆఫీసులో ఎన్ని సంతకాలు పెట్టానో లెక్కలేదు. ప్రతి దాని కింద కోఆపరేటివ్ తరఫున అని రాసుందో లేదో చూసుకునే పెట్టాను. లాయరు వాచీ చూసుకుంటూ కూర్చున్నాడు.

జనవరిలో మంచు విపరీతంగా కురిసింది. రోడ్డు మీద మంచు తీసి, జారకుండా ఇసక చల్లినందుకు మొదటి బిల్లొచ్చింది. మా నియమం ప్రకారం ఏ చెక్కు మీదైనా రెండు సంతకాలుండాలి. రెండో సంతకం ఎనిమిదో నంబరావిడది. కొన్నాక నెలకే సభ్యత్వం కట్టి, డబ్బు విషయం తానే చూస్తానని కమిటీలోకి వచ్చింది. నా సంతకం పెట్టేసి చెక్కు పట్టుకెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని చూసింది. "ఇసక చల్లింది రెండుసార్లే, ఇక్కడ మూడని ఉంది" అని చెక్కు తిరిగిచ్చేసింది.